హోటల్ వైఫైకి ల్యాప్‌టాప్ కలుపుకోవడం ఎలా: బయల్దేరే ముందు రోజు నుంచి గది ఖాళీ చేసేదాకా

హోటల్ వైఫై వాడొచ్చా, వాడితే ఏమైనా అవుతుందా అని చాలామంది అడుగుతున్నారు. వాడొచ్చు. నేనూ వాడతాను. కాకపోతే దానికో వరుస ఉంది. ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలిస్తే సగం ఇబ్బందులు అసలు రావు.

లాబీలో ఎవడో కూర్చుని మన పాస్‌వర్డులన్నీ చదివేస్తుంటాడన్న భయం పాతకాలపుది. ఇప్పుడు ముఖ్యమైన వెబ్‌సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తున్నాయి. బ్రౌజర్‌కీ ఆ సైటుకీ మధ్య నడిచేదంతా తాళం వేసిన పెట్టెలో వెళ్తుంది. మీరు ఏ సైటుకి వెళ్లారో హోటల్ నెట్‌వర్క్ నడిపేవాళ్లకు తెలియొచ్చు గానీ, అక్కడ ఏం టైప్ చేశారో కనబడదు.

మనం ఎక్కువగా దెబ్బతినేది వైఫైకి కలిసిన మొదటి రెండు నిమిషాల్లో. ప్రయాణం చేసి అలిసిపోయి ఉంటాం. మెయిల్ చూడాలన్న తొందర. తెరమీద ఒకదాని వెనక ఒకటి పెట్టెలు వస్తుంటాయి: పేరు ఎంచుకోండి, షరతులు ఒప్పుకోండి, అనుమతి ఇవ్వండి, అప్‌డేట్ చేసుకోండి. అన్నిటికీ ఓకే, ఓకే అని నొక్కుకుంటూ పోతాం. కింద రాసినదాంట్లో ఎక్కువ భాగం ఆ రెండు నిమిషాల గురించే.

1. ఇంట్లో ఉండగానే ముగించాల్సినవి

హోటల్ గదిలో కూర్చుని చేయకూడని పనుల్లో మొదటిది అప్‌డేట్లు. ఎందుకో ఆరో భాగంలో చెప్తాను. అందుకే వాటిని బయల్దేరే ముందు రోజే, మీకు నమ్మకమున్న నెట్ మీద పూర్తి చేసుకోండి. ఉదయం క్యాబ్ వచ్చాక మొదలుపెడితే ల్యాప్‌టాప్ సగంలో ఉండగా మూత వేయాల్సి వస్తుంది.

ముందు రోజు చెక్‌లిస్ట్:

- విండోస్ లేదా మ్యాక్ అప్‌డేట్లు, బ్రౌజర్ అప్‌డేట్ పూర్తి చేసి, ఒకసారి రీస్టార్ట్ చేయండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా అదే వాడుతుంటే ప్రయాణంలో మరింత జాగ్రత్త అవసరం.
- ఫైర్‌వాల్ (బయటినుంచి మనం అడగని కనెక్షన్లను అడ్డుకునేది) ఆన్‌లో ఉందో లేదో చూడండి. విండోస్‌లో మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది. మ్యాక్‌లో మాత్రం మనమే ఆన్ చేసుకోవాలి: సిస్టమ్ సెట్టింగ్స్, నెట్‌వర్క్, ఫైర్‌వాల్.
- ఫైల్ షేరింగ్, ప్రింటర్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్ ఆపేయండి. మ్యాక్‌లో ఇవి జనరల్ కింద షేరింగ్‌లో ఉంటాయి. ఎయిర్‌డ్రాప్‌ను "కాంటాక్ట్స్ ఓన్లీ"కి మార్చండి.
- డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. ల్యాప్‌టాప్ పోయినా లోపలి ఫైళ్లు ఇతరులు చదవలేకుండా తాళం వేసేది ఇదే. విండోస్‌లో బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్. ఆ తాళం తీసే అత్యవసర కోడ్‌ను, అంటే రికవరీ కీని, ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకోకండి. తాళంచెవిని బీరువాలో పెట్టి బీరువాకి తాళం వేసినట్టు ఉంటుంది.
- వీపీఎన్ (మీ నెట్ రాకపోకలన్నిటికీ తాళం వేసి వేరే సర్వర్ మీదుగా పంపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లయితే ఇన్‌స్టాల్ చేసి, లాగిన్ అయి, ఒకసారి కలిపి చూసుకోండి. వెళ్లే దేశంలో వీపీఎన్ మీద ఆంక్షలున్నాయేమో ముందే తెలుసుకోండి.
- మెయిల్, బ్యాంకు, ఆఫీసు ఖాతాలకు రెండో అంచె లాగిన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే పద్ధతి) పెట్టుకోండి.

ఈ చివరిదాంట్లో ఒక చిక్కుంది. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లో వచ్చే పద్ధతే పెట్టుకుంటే, వెళ్లిన చోట మీ సిమ్‌కి సిగ్నల్ లేనప్పుడు మీ ఖాతాలోకి మీరే వెళ్లలేరు. ఆ కోడ్‌ను ఫోన్‌లోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్‌కి నెట్ గానీ సిగ్నల్ గానీ అక్కర్లేదు. ఫోన్‌లో టైమ్ సరిగ్గా ఉంటే చాలు. దాంతోపాటు బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి, ల్యాప్‌టాప్ లేని బ్యాగులో పెట్టుకోండి.

2. నెట్‌వర్క్ పేరును మనిషిని అడిగి తెలుసుకోండి

ల్యాప్‌టాప్‌లో వైఫై జాబితా తెరిస్తే హోటల్ పేరుతో రెండు మూడు కనబడొచ్చు. ఒకటి గెస్ట్, ఒకటి లాబీ, ఒకటి ఫ్రీ. వీటిలో హోటల్‌వి ఏవో జాబితా చూసి చెప్పలేం. ఎందుకంటే వైఫై పేరు ఎవరైనా, ఏదైనా పెట్టుకోవచ్చు. చిన్న పరికరంతో అచ్చం అదే పేరున్న నకిలీ నెట్‌వర్క్‌ను పక్క గదిలోంచి నడపొచ్చు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయని దాన్ని ఎంచుకుంటే, దాని అర్థం ఆ పరికరం మీకు దగ్గరగా ఉందని మాత్రమే.

చెక్‌ఇన్ అప్పుడే రిసెప్షన్‌లో ఈ నాలుగూ అడగండి:

- వైఫై పేరు, అక్షరం పొల్లుపోకుండా
- పాస్‌వర్డ్ ఉందా, లేదా
- లాగిన్ పేజీ వస్తుందా, అందులో ఏం నింపమంటుంది
- ఎన్ని పరికరాలకు అనుమతి, ఎన్ని గంటలకోసారి మళ్లీ లాగిన్ కావాలి

మూడో ప్రశ్నే అసలైనది. పేజీ ఏం అడుగుతుందో ముందే తెలిస్తే, అంతకుమించి అడిగినప్పుడు అనుమానం దానంతటదే వస్తుంది.

గదిలో క్యూఆర్ కోడ్ ఉంటే సౌకర్యమే. అయితే దానిమీద మరో స్టిక్కర్ అతికించినట్టుంటే స్కాన్ చేయకండి.

పాస్‌వర్డ్ ఉన్న నెట్‌వర్క్ అంటే పూర్తి రక్షణ అనుకోవద్దు. రెండూ ఉంటే తాళం గుర్తు ఉన్నదే ఎంచుకోండి, అది మంచిదే. కానీ డబ్ల్యూపీఏ2 అనే పాత వైఫై తాళం పద్ధతిలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఇచ్చినప్పుడు, ఆ పాస్‌వర్డ్ తెలిసిన మరో అతిథి మీరు కలిసే క్షణంలో జరిగే సంకేతాల మార్పిడిని పట్టుకోగలిగితే, వైఫై స్థాయిలో వేసిన ఆ తాళాన్ని తీయగలడు. దాని తర్వాత వచ్చిన డబ్ల్యూపీఏ3లో ఈ లోపం సరిచేశారు. హెచ్‌టీటీపీఎస్ తాళం వేరు, అది అలాగే ఉంటుంది.

3. కలిపే వరుస

గదిలోకి వచ్చారు, ల్యాప్‌టాప్ తెరిచారు. ఇక్కడినుంచి వరుస మార్చకండి.

మొదట, నెట్ వాడే యాప్‌లన్నీ మూసేయండి. మెయిల్, చాట్, క్లౌడ్ స్టోరేజ్, బ్రౌజర్‌లో పాత ట్యాబులు. లేకపోతే మీరు వైఫైకి కలిసీ కలవగానే ఇవన్నీ ఒక్కసారిగా బయటికి పరిగెత్తుతాయి.

రెండు, రిసెప్షన్‌లో చెప్పిన పేరును ఎంచుకోండి. "ఆటోమేటిక్‌గా కనెక్ట్ అవు" అన్న టిక్ తీసేయండి.

మూడు, విండోస్ ఈ నెట్‌వర్క్‌ను ఏ రకంగా గుర్తించిందో చూడండి. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్. అక్కడ "పబ్లిక్" అని ఉండాలి. "ప్రైవేట్" ఇంటికోసం. అది ఎంచుకుంటే అదే నెట్‌వర్క్‌లో ఉన్న మిగతా పరికరాలకు మీ ల్యాప్‌టాప్ కనబడే వీలు ఉంటుంది. టీవీకి కాస్ట్ అవ్వట్లేదనో, ప్రింటర్ దొరకట్లేదనో దీన్ని ప్రైవేట్‌కి మార్చేవాళ్లను చూశాను. చాలా హోటళ్లలో ఒక గది పరికరం మరొకదానికి కనబడకుండా నెట్‌వర్క్‌లోనే అడ్డు పెడతారు. అలాంటి చోట మార్చినా కాస్ట్ అవ్వదు, రక్షణ మాత్రం పోతుంది.

నాలుగు, లాగిన్ పేజీ వచ్చేదాకా ఆగండి. వస్తే నింపండి. రాకపోతే తర్వాతి భాగం చదవండి.

ఐదు, లాగిన్ అయ్యాక వీపీఎన్ ఆన్ చేయండి.

ఆరు, ఇప్పుడు మెయిల్, చాట్, పని.

ఇంటర్నెట్ నెమ్మదిగా ఉంటే విండోస్‌లో ఆ నెట్‌వర్క్ ప్రాపర్టీస్‌లోనే "మీటర్డ్ కనెక్షన్" ఆన్ చేయండి. పెద్ద డౌన్‌లోడ్‌లు చాలావరకు వెనక్కి తగ్గుతాయి.

4. లాగిన్ పేజీ రాకపోతే

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. వైఫై కలిసినట్టు చూపిస్తుంది, నెట్ మాత్రం రాదు.

కారణం తెలిస్తే పరిష్కారం తేలిక. మీరు లాగిన్ అయ్యేదాకా హోటల్ నెట్‌వర్క్ మీ ల్యాప్‌టాప్‌ను ఎక్కడికీ వెళ్లనివ్వదు. మీరు ఏ సైటు అడిగినా దారి మళ్లించి తన పేజీ చూపించాలని చూస్తుంది. కానీ హెచ్‌టీటీపీఎస్ సైటును అలా దారి మళ్లించడం కుదరదు, బ్రౌజర్ ఒప్పుకోదు. అందుకే గూగుల్, జీమెయిల్ లాంటివి తెరిస్తే లాగిన్ పేజీ బదులు ఎర్రర్ వస్తుంది.

ఈ వరుసలో ప్రయత్నించండి:

- బ్రౌజర్‌లో నెవర్ ఎస్ఎస్ఎల్ డాట్ కామ్ (ఇంగ్లిషు అక్షరాల్లో, ఖాళీలు లేకుండా) తెరవండి. ఇలాంటి సందర్భం కోసమే తాళం లేకుండా ఉంచిన సైటు అది. దాన్ని దారి మళ్లించడం హోటల్ నెట్‌వర్క్‌కి సులువు.
- వీపీఎన్ ఆపండి. దాంట్లో "కిల్ స్విచ్" (వీపీఎన్ కలవకపోతే నెట్‌నే ఆపేసే సెట్టింగ్) ఉంటే అదీ కాసేపు ఆపాలి.
- డీఎన్ఎస్‌ను (సైటు పేరుని బట్టి దాని నంబరు అడ్రస్ వెతికిపెట్టేది) ఎప్పుడో 8.8.8.8 అనో 1.1.1.1 అనో మార్చి ఉంటే, తిరిగి ఆటోమేటిక్‌కి పెట్టండి. బ్రౌజర్‌లో "సెక్యూర్ డీఎన్ఎస్" ఉంటే దాన్ని కూడా ఈ ఐదు నిమిషాలు ఆపండి.
- యాడ్ బ్లాకర్ ఆపి చూడండి, లేదా వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించండి.
- ఆ నెట్‌వర్క్‌ను "ఫర్గెట్" చేసి, వైఫై ఆపి, మళ్లీ మొదటినుంచి కలపండి.

కిల్ స్విచ్ సంగతి నాకు అనుభవంలోకి వచ్చిందే. ఒకసారి రాత్రి పొద్దుపోయాక ఒక హోటల్లో దిగి, నెట్ రావట్లేదని రిసెప్షన్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. పాపం ఆ కుర్రాడు పైకొచ్చి రూటర్ కూడా మార్చాడు. చివరికి చూస్తే, వీపీఎన్ లేకుండా ఏదీ బయటికి వెళ్లకూడదని నేనే పెట్టుకున్న సెట్టింగ్, లాగిన్ పేజీని కూడా అడ్డుకుంటోంది. లాగిన్ కాకుండా వీపీఎన్ కలవదు, వీపీఎన్ కలవకుండా లాగిన్ పేజీ రాదు. అప్పటినుంచి పై జాబితా ఫోన్ నోట్స్‌లో పెట్టుకున్నాను.

పని అయ్యాక మార్చినవన్నీ తిరిగి పెట్టడం మర్చిపోకండి. కిల్ స్విచ్ ఆన్, యాడ్ బ్లాకర్ ఆన్, సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్.

రోజూ లాగిన్ మళ్లీ మళ్లీ అడుగుతుంటే, లేదా పరికరాల పరిమితి దాటిందంటే, మీ ల్యాప్‌టాప్ తన హార్డ్‌వేర్ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌కి చూపించే తన గుర్తింపు సంఖ్యను) మారుస్తోందేమో చూడండి. చాలా హోటళ్లు పరికరాన్ని ఆ అడ్రస్‌తోనే గుర్తుపెట్టుకుంటాయి. అది మారితే మీరు కొత్త అతిథి కింద లెక్క. విండోస్‌లో "ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్" దగ్గర "రోజూ మార్చు" అని ఉంటే మామూలు "ఆన్"కి మార్చండి. కొత్త మ్యాక్‌లలో "ప్రైవేట్ వైఫై అడ్రస్"ను "ఫిక్స్‌డ్"గా పెట్టండి.

5. లాగిన్ పేజీ ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు

గది నంబరు, ఇంటిపేరు, రిసెప్షన్‌లో ఇచ్చిన కోడ్, షరతులకు ఒప్పుకోలు. ఇవి మామూలే. ఫోన్ నంబరు, మెయిల్ ఐడీ కూడా కొన్ని చోట్ల అడుగుతారు. అందుకోసం ముఖ్యమైన మెయిల్ ఇవ్వకుండా, ప్రచార మెయిళ్లకోసం విడిగా పెట్టుకున్నది ఉంటే అదివ్వండి.

ఈ కిందివాటిలో ఏది అడిగినా వెంటనే వైఫై ఆపి కిందికెళ్లి అడగండి:

- మీ మెయిల్ పాస్‌వర్డ్, లేదా సోషల్ మీడియా పాస్‌వర్డ్
- ఉచితమని చెప్పిన వైఫైకి కార్డు వివరాలు
- ఏదైనా యాప్, ప్లగిన్, "సెక్యూరిటీ సర్టిఫికెట్" లేదా ప్రొఫైల్ ఇన్‌స్టాల్ చేయమనడం
- హోటల్ వైఫై కోసం మీరు అడగకుండానే మీ ఫోన్‌కి వచ్చిన ఓటీపీని నింపమనడం

మొదటిది వట్టి ఊహ కాదు. 2024లో ఆస్ట్రేలియా ఫెడరల్ పోలీసులు ఒక వ్యక్తి మీద కేసు పెట్టారు. విమానంలో, విమానాశ్రయాల్లో ఉచిత వైఫైలా కనిపించే నకిలీ నెట్‌వర్క్‌లు పెట్టి, లాగిన్ పేజీలో మెయిల్ లేదా సోషల్ మీడియా వివరాలు నింపించుకున్నాడన్నది అభియోగం. అక్కడ తాళాలేవీ పగలగొట్టనక్కర్లేదు. ప్రయాణికులే స్వయంగా టైప్ చేసి ఇస్తారు.

మూడోదాంట్లో సర్టిఫికెట్ మాట వింటే మరీ జాగ్రత్త. సైటు అసలైనదేనని బ్రౌజర్‌కి చెప్పే గుర్తింపు పత్రం లాంటిది అది. మీ ల్యాప్‌టాప్‌లో వాళ్ల సర్టిఫికెట్‌ను నమ్మకమైనదిగా చేర్చుకుంటే, హెచ్‌టీటీపీఎస్ తాళం తీసి చూసే అవకాశం మీరే ఇచ్చినట్టు. అతిథులకు ఇచ్చే వైఫైకి అది అవసరమే లేదు.

6. "అప్‌డేట్ చేసుకోండి" అని వస్తే

లాగిన్ అయిన వెంటనే, "మీ సాఫ్ట్‌వేర్ పాతది, ఇక్కడ నొక్కండి" అని పెట్టె వస్తే నొక్కకండి. మూసేయండి.

2012లోనే అమెరికా ఎఫ్‌బీఐ దీనిమీద ప్రయాణికులను హెచ్చరించింది. 2014 నవంబర్‌లో కాస్పర్‌స్కీ సంస్థ "డార్క్‌హోటల్" అని పేరుపెట్టిన ముఠా పనితీరును బయటపెట్టింది. వాళ్లు హోటళ్ల నెట్‌వర్క్‌లలోకే చొరబడి కూర్చున్నారు. అతిథి ఇంటిపేరు, గది నంబరు నింపి లాగిన్ అవ్వగానే, అడోబ్ ఫ్లాష్ లాంటి పేరున్న సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలో మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) అందించారు. గురి పెట్టింది పెద్ద సంస్థల అధికారుల మీద. నెట్‌వర్క్ పేరు అసలైనదే, లాగిన్ పేజీ అసలైనదే, అయినా మోసం జరిగింది చూడండి. ముందు రోజే అప్‌డేట్లు ముగించమన్నది అందుకే. నిన్ననే అన్నీ చేశానని మీకు తెలిసినప్పుడు, ఈ పెట్టెను చూసి టెన్షన్ పడరు.

నిజంగా అవసరమనిపిస్తే పెట్టెలో నొక్కకుండా, ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి దాని సెట్టింగ్స్‌లోంచి చూడండి.

7. వీపీఎన్: ఎప్పుడు కావాలి, ఎంతవరకు పనికొస్తుంది

బ్రౌజర్‌లో వార్తలు చదువుకోవడానికి వీపీఎన్ తప్పనిసరి అనను. ఆఫీసు పని ఉంటే ఆఫీసు ఇచ్చిన వీపీఎన్ వాడండి. మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో హోటల్‌కి కూడా తెలియకూడదనుకుంటే సొంతది పెట్టుకోండి. ఒకటి గుర్తుంచుకోవాలి: హోటల్‌కి కనబడనిది ఇప్పుడు వీపీఎన్ సంస్థకు కనబడుతుంది. ఊరూపేరూ లేని ఉచిత వీపీఎన్ కన్నా హోటల్ వైఫైయే నయం. నకిలీ పేజీలో పాస్‌వర్డ్ టైప్ చేస్తే ఏ వీపీఎనూ కాపాడలేదు.

వీపీఎన్ కలవకపోతే దాని సెట్టింగ్స్‌లో ప్రోటోకాల్ (కలిసే పద్ధతి) మార్చి చూడండి. వైర్‌గార్డ్ అనే పద్ధతి యూడీపీ అనే రకం రాకపోకల మీదే నడుస్తుంది, దాన్ని ఆపేసే హోటళ్లున్నాయి. ఓపెన్ వీపీఎన్ అనే ఇంకో పద్ధతిని ఎంచుకుని, దాన్ని టీసీపీ అనే మరో రకానికి, పోర్ట్ 443కి మారిస్తే చాలాచోట్ల పని చేస్తుంది. మామూలు హెచ్‌టీటీపీఎస్ కూడా అదే దారిలో వెళ్తుంది కాబట్టి దాన్ని మూసేయడం హోటల్‌కి కుదరదు.

8. వాడుతున్నప్పుడు వచ్చే హెచ్చరికలు

"ఈ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని బ్రౌజర్ చెప్పిందనుకోండి. లాగిన్ కాకముందు వస్తే కంగారు అక్కర్లేదు, నాలుగో భాగంలో చెప్పిన కారణమే. లాగిన్ అయ్యాక, నిన్నటిదాకా బాగా తెరుచుకున్న సైటుకి వస్తే మాత్రం ముందుకెళ్లకండి. ముందు ల్యాప్‌టాప్‌లో తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా చూడండి. అవి తప్పితే కూడా ఇదే హెచ్చరిక వస్తుంది. టైమ్ సరిగ్గా ఉండి, హెచ్చరిక ఇంకా వస్తుంటే వైఫై వదిలేసి ఫోన్ హాట్‌స్పాట్‌కి మారండి.

బ్యాంకు పనులు, పెద్ద చెల్లింపులు ఫోన్‌లో మొబైల్ డేటా మీద చేసుకోవడం నా అలవాటు. ల్యాప్‌టాప్‌లోనే చేయాల్సి వస్తే సెర్చ్‌లో వెతక్కుండా మీరు సేవ్ చేసుకున్న బుక్‌మార్క్ నుంచి వెళ్లండి. పాస్‌వర్డ్ మేనేజర్ తనంతట తాను పాస్‌వర్డ్ నింపకపోతే ఆగి అడ్రస్ చూడండి. సైటు పేరులో అక్షరం తేడా మన కంటికి ఆనదు, దానికి ఆనుతుంది.

లాబీలో అందరూ వాడే కంప్యూటర్‌లో మాత్రం ఏ ఖాతాలోకీ లాగిన్ కాకండి. బోర్డింగ్ పాస్ ప్రింట్ కావాలంటే ఫైల్‌ను రిసెప్షన్ మెయిల్‌కి పంపితే వాళ్లే తీసిస్తారు.

9. హాట్‌స్పాట్, ట్రావెల్ రూటర్, గోడలోని కేబుల్

మొబైల్ డేటా సరిపోయేంత ఉంటే, ఇన్ని జాగ్రత్తలకన్నా ఫోన్ హాట్‌స్పాట్ సులువు. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టండి, పని అయ్యాక ఆపేయండి. ఒక రాత్రి బసకు నేను హోటల్ వైఫై జోలికే పోను.

కుటుంబంతో వెళ్లి ఐదారు పరికరాలుంటే చిన్న ట్రావెల్ రూటర్ మంచిది. అది హోటల్ వైఫైకి ఒక్కసారి లాగిన్ అవుతుంది, మిగతావన్నీ దానికి కలుస్తాయి. హోటల్ లెక్కలో మీది ఒకే పరికరం.

గోడలో కేబుల్ పోర్ట్ ఉంటే వేగం బాగుండొచ్చు. అదీ హోటల్ నెట్‌వర్కే, పబ్లిక్ అనే సెట్టింగ్ దానికీ పెట్టాలి.

10. పొరపాటున నొక్కేశాను, ఇప్పుడెలా?

పాస్‌వర్డ్ టైప్ చేసి ఉంటే: వైఫై ఆపండి. ఫోన్‌లో, మొబైల్ డేటా మీద ఆ ఖాతా పాస్‌వర్డ్ మార్చండి. అన్ని పరికరాల్లోంచి సైన్ అవుట్ అయ్యే మీట ఉంటుంది, అది నొక్కండి. మెయిల్ ఖాతా అయితే రికవరీ నంబరు, మెయిల్ ఫార్వర్డింగ్ ఎవరైనా మార్చారేమో చూడండి. దొంగలు ముందు మార్చేవాటిలో అవీ ఉంటాయి. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడ వాడారో అక్కడా మార్చాలి.

ఏదైనా ఇన్‌స్టాల్ చేసి ఉంటే: నెట్ ఆపి, ఆ ల్యాప్‌టాప్‌లో ఇక ఏ పాస్‌వర్డూ టైప్ చేయకండి. యాంటీవైరస్‌తో పూర్తి స్కాన్ చేయండి. విండోస్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ ఉంది, అది విండోస్ తెరుచుకోకముందే వెతుకుతుంది. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీరేమీ కెలక్కుండా ఐటీ వాళ్లకు ఫోన్ చేయండి. తిడతారేమోనని ఒక రోజు దాచిపెడితే నష్టం పెరుగుతుంది.

కార్డు వివరాలిచ్చి ఉంటే: బ్యాంకు యాప్‌లో కార్డును వెంటనే బ్లాక్ చేయండి.

11. గది ఖాళీ చేసే ముందు

- వైఫై సెట్టింగ్స్‌లో "నోన్ నెట్‌వర్క్స్" తెరిచి హోటల్ పేరును ఫర్గెట్ చేయండి. ఫోన్‌లో కూడా. లేకపోతే రేపు ఇంకో చోట అదే పేరు కనబడితే మిమ్మల్ని అడక్కుండానే కలిసిపోవచ్చు.
- గది టీవీలో సినిమాల యాప్‌కి లాగిన్ అయి ఉంటే సైన్ అవుట్ చేయండి. మర్చిపోయి బయటికొచ్చేస్తే ఫోన్‌లో ఆ యాప్ ఖాతా సెట్టింగ్స్‌లోంచి ఆ పరికరాన్ని తీసేయొచ్చు.
- ప్రయాణం కోసం మార్చిన డీఎన్ఎస్, కిల్ స్విచ్, మీటర్డ్ సెట్టింగ్ తిరిగి పాతవాటికి పెట్టండి.
- ట్రావెల్ రూటర్, దాని ఛార్జర్ బ్యాగులో వేశారా? మంచం వెనక ప్లగ్ దగ్గర కూడా ఒకసారి చూడండి. నాది ఒకటి అక్కడే ఉండిపోయింది.